తాతమ్మ పేరు వీలునామాలో దొరికింది

(విజయవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను స్త్రీల ఆస్తి హక్కు గురించి మాట్లాడమన్నారు. సెక్షన్లూ తీర్పులూ మన లాయరు మిత్రులు పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నారు. నేను మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. చట్టం దానంతటదే అందులోకి వస్తుంది.

ముందు ఒక ప్రశ్న. మీ అమ్మమ్మకి అమ్మ పేరేమిటో మీలో ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్ళు చేతులెత్తండి. ఇంతమందిమి ఉన్నాం, లేచిన చేతులు అయిదారు. సిగ్గుపడకండి. మూడేళ్ళ కిందటి వరకూ నేనూ ఎత్తగలిగేదాన్ని కాదు.

మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. ఊరి పేరు చెప్పను. ఆ పొలం ఇంకా బంధువుల చేతుల్లోనే ఉంది, వాళ్ళను బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. అందుకే మనుషుల పేర్లు కూడా చెప్పను. మూడేళ్ళ కిందట మా అమ్మమ్మ తమ్ముడి మనవడు, నాకు వరసకి తమ్ముడు, వంశవృక్షం తయారుచేసి అందరికీ పంపించాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవుల్లో ఊరికి వెళ్ళి, ముసలివాళ్ళను అడిగి రాసుకున్నాడు పాపం. ఏడు తరాలు, నలభై ఎనిమిది పేర్లు. అన్నీ మగవాళ్ళవే. మా అమ్మమ్మ లేదు, మా అమ్మ లేదు, నేను లేను. అతని సొంత తల్లి కూడా లేదు.

ఫోను చేశాను. "ఏమయ్యా, ఈ నలభై ఎనిమిది మందీ చెట్టుకి కాశారా?" అన్నాను. నవ్వాడు. "అక్కా, రాద్దామనే అనుకున్నాను. ఆడవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు. తాతమ్మ పేరు నాన్నని అడిగితే ఆయనకీ తెలియదు" అన్నాడు.

అది అబద్ధం కాదు. తాతమ్మని భర్త "ఏమే" అనేవాడట. కొడుకులకి అమ్మ, కోడళ్ళకి అత్తగారు, ఊరికి ఫలానా వారి పెద్దావిడ. మా అమ్మకి పదహారేళ్ళు వచ్చేదాకా, అంటే 1963 వరకూ, ఆమె బతికే ఉంది. అయినా అమ్మకి ఆమె పేరు తెలియదు. "అమ్మమ్మా అనేదాన్ని. పేరుతో నాకేం పని?" అంది.

అమ్మకి గుర్తున్నది వేరే. తాతమ్మ ముగ్గురు కొడుకుల ఇళ్ళలోనూ నెలకొకరి దగ్గర వంతుల మీద ఉండేదట. చివరి కోడలు బియ్యం కొలిచి పోసేదట. "ఈ ఇంట్లో నాదంటూ గరిటెడు లేదే" అని తాతమ్మ మా అమ్మమ్మ దగ్గర ఏడ్చేదట. మా అమ్మమ్మ సంగతి కూడా చెబుతాను. ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఏటా సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళి ఒక బస్తా వడ్లు తెచ్చుకునేది. ఆ బస్తా బండెక్కించేటప్పుడు వదినెలు, మరదళ్ళు, "పెళ్ళి చేసి పంపినా పుట్టింటి మీద పడి తినడం మానలేదు" అనుకునేవాళ్ళట. మా అమ్మ చిన్నప్పుడు ఆ మాట చెవులారా విన్నది. డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

ముత్తాత వీలునామా రాశాడని ఇంట్లో ఒక మాట ఉండేది. ఎక్కడుందంటే మాత్రం అందరిదీ ఒకటే సమాధానం, ఉప్పెనలో పోయిందని. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. మనుషులే వేల సంఖ్యలో కొట్టుకుపోయారు, ట్రంకుపెట్టెలో కాగితాలు ఎంత? నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మాను. కానీ మన పనిలో ఒక విషయం నేర్చుకున్నాం కదా. రిజిస్టరయిన కాగితానికి ఇంట్లో ఉన్నది ఒక ప్రతి మాత్రమే. దాని నకలు ఆఫీసు పుస్తకంలో రాసి ఉంటుంది. ఇంట్లోది ఉప్పెనలో పోతే ఆఫీసులోది కూడా పోయిందని ఎందుకనుకోవాలి? వంశవృక్షం చూశాక ఈ ఆలోచన వచ్చింది. తాతమ్మ పేరు ఎక్కడన్నా మిగిలి ఉంటే అక్కడే ఉండాలి.

ఎలా వెతికానో కొంచెం వివరంగా చెబుతాను. ఇది మీకు పనికొస్తుంది.

మొదటిసారి ఊరికి దగ్గర్లోని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాను. ముత్తాత ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు రాసిచ్చాను. పోయిన సంవత్సరం సుమారుగా 1941 అని అమ్మ లెక్కగట్టి చెప్పింది. అక్కడున్నాయన నా దరఖాస్తు చూసి, "మీరు ఆడపిల్ల తరఫు వాళ్ళు. మగపిల్లల తరఫు వాళ్ళెవరైనా వచ్చి సంతకం పెట్టాలి" అన్నాడు. అలాంటి నియమం ఎక్కడా లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 57వ సెక్షను చూడండి. వీలునామాలు ఎక్కించే పుస్తకం 3వ నంబరుది. రాసిన మనిషి బతికున్నంతకాలం ఆ మనిషికో, ఆ మనిషి ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు. అది సబబే. చనిపోయిన తర్వాత మాత్రం దరఖాస్తు పెట్టుకున్న ఎవరికైనా ఇవ్వాలి. కొడుకులకి మాత్రమే అని లేదు, వారసులకి మాత్రమే అని కూడా లేదు. ఆ పుస్తకంలో మనం వెతకడానికి వీల్లేదు, అధికారే వెతికి పెట్టాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళాను కాబట్టి ఆయన ముందు పెట్టాను. వెతికించారు. లేదన్నారు.

లేదంటే ఆ ఆఫీసులో లేదని మాత్రమే అర్థం. పొలం అమ్మితే ఆ పొలం ఉన్న పరిధిలోనే రిజిస్టరు చేయించాలి. వీలునామాకి ఆ పట్టింపు లేదు, రాసిన మనిషి తనకి వీలున్న చోట రిజిస్టరు చేయించుకోవచ్చు. ఊళ్ళో పొక్కకూడదనుకునేవాళ్ళు దూరం వెళ్ళి చేయించుకునేవాళ్ళు. అయితే ఏ ఊరని వెతకడం? డెల్టా అంతా తిరగాలా?

దీనికి దారి పొలమే చూపించింది. 1వ నంబరు పుస్తకం, అంటే అమ్మకాలు, పంపకాలు, తాకట్లు ఎక్కే పుస్తకం, ఫీజు కడితే ఎవరైనా చూడవచ్చు. అడంగల్లో సర్వే నంబర్లు పట్టుకున్నాను. ఇప్పటి నంబరు పాత నంబరుతో కలవకపోతే డైగ్లాట్ అనే పాత సెటిల్మెంటు రిజిస్టరు చూడాలి. ఆ నంబర్ల మీద 1941 నుంచి పాత ఈసీ అడిగాను. కంప్యూటర్లు వచ్చింది 1998లో. పాతవాటికి చేత్తో రాసిన పుస్తకాలు తిప్పాలి కాబట్టి నాలుగు వారాలు పట్టింది. అందులో 1964 నాటి పంపకాల దస్తావేజు ఒకటి కనిపించింది. తాతమ్మ పోయిన మరుసటి సంవత్సరం అన్నమాట. నకలు తీసుకుని బస్సులో కూర్చుని చదివాను. ముగ్గురు అన్నదమ్ములూ రెండెకరాలు పంచుకుంటూ, ఆ భూమి తమకెలా వచ్చిందో రాసుకున్నారు. తమ తండ్రి 1938లో ఫలానా ఊళ్ళో ఫలానా నంబరుగా రిజిస్టరు చేయించిన వీలునామా ప్రకారం, తల్లి తదనంతరం తమకి సంక్రమించిందని.

బస్సు చల్లపల్లి దాటి పామర్రు వైపు పోతోంది. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. వీలునామా ఉప్పెనలో పోయిందని మాకు చెప్పినవాళ్ళు, ఉప్పెనకి పదమూడేళ్ళ ముందే దాన్ని చేతిలో పెట్టుకుని భూమి పంచుకున్నారు.

మూడోసారి ఆ రెండో ఊరి ఆఫీసుకి వెళ్ళాను. సంవత్సరం, నంబరు చేతిలో ఉన్నాయి కాబట్టి వారం రోజుల్లో నకలు వచ్చింది. నాలుగు పేజీలు.

మన పాత వీలునామాలు చదివినవాళ్ళకి ఆ భాష తెలుసు. తను స్థిరబుద్ధితో ఉన్నానని, ఎవరి ప్రోద్బలమూ లేదని మొదలుపెట్టాడు. ఆస్తి తన స్వకష్టార్జితమని రాశాడు. ఆ మాట ఊరికే రాసింది కాదు. ఆ రోజుల్లో ఉమ్మడి ఆస్తిలో తన వాటాకి వీలునామా రాసే హక్కు మగవాడికీ లేదు, సొంతంగా సంపాదించిన దానికే ఉండేది. ఉమ్మడి వాటాని కూడా వీలునామాతో ఇవ్వవచ్చన్నది 1956 చట్టంతో వచ్చింది. నేను ఆ మాట చదువుతుంటే అమ్మ ఆపింది. "స్వకష్టార్జితమా? ఆ మెరక చేను అమ్మమ్మ నానుతాడు అమ్మి కొన్నది. మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో" అంది. ఆ నానుతాడు వీలునామాలో లేదు.

మొత్తం పదకొండు ఎకరాలు. ఒక్కో కొడుక్కి మూడేసి ఎకరాలు, అమ్ముకునే హక్కుతో సహా. మిగిలిన రెండెకరాల మాగాణి తన భార్యకి మనోవర్తి నిమిత్తం రాశాడు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఫలసాయం అనుభవించాలి, అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, తదనంతరం కొడుకులు సమంగా తీసుకోవాలి. అక్కడ, భార్య అనే మాట పక్కన, ఆమె పేరు ఉంది. నిండు పేరు, ఇంటిపేరుతో సహా.

అమ్మకి చదివి వినిపించాను. ఆ పేరు ఆమె రెండు మూడుసార్లు పైకి అనుకుంది. తర్వాత, "మరి మా అమ్మ పేరో?" అంది.

అమ్మమ్మ పేరు లేదు. ఆమె గురించి ఒక్క వాక్యం ఉంది. కుమార్తెకు పెండ్లి చేసి, పసుపు కుంకుమల క్రింద ఇవ్వదగినది ఇచ్చినందున ఆమెకు ఏ హక్కూ లేదని. కొడుకుల పేర్లు ముగ్గురివీ ఉన్నాయి, చివరివాడికి అప్పటికి ఆరేళ్ళు. పదహారేళ్ళ కూతురికి పేరు లేదు. ఇచ్చిందేమిటి? ఎకరం ఇస్తామని పెళ్ళిలో నలుగురి ముందూ అన్నారట. కాగితం రాయలేదు, భూమి అప్పజెప్పలేదు. ఈ డెల్టాలో పసుపు కుంకుమల కింద ఇస్తామన్న భూములు ఎన్ని నోటిమాట దగ్గరే ఆగిపోయాయో మనకి వచ్చే కేసుల్లో చూస్తూనే ఉన్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వీలునామా చివర పొలాల హద్దులుంటాయి కదా, తూర్పున ఫలానా వారి భూమి, దక్షిణాన కాలువ గట్టు అని. ఆ హద్దుల్లో ఇద్దరు స్త్రీల పేర్లు కనిపించాయి. పక్క పొలాల వాళ్ళు, ఇద్దరూ ఫలానా వారి భార్య అనే వాళ్ళే. అంటే వాళ్ళ పేర్లు కూడా ఎవరో ఒకరి కాగితంలో హద్దుగా మిగిలాయి. మీరు వెతికేటప్పుడు మీ వాళ్ళ కాగితాలే కాదు, పొరుగు పొలం వాళ్ళ దస్తావేజులు కూడా చూడండి. మీ తాతమ్మ ఎవరి పొలానికో తూర్పు హద్దుగా ఉండవచ్చు.

ఇక్కడి నుంచి చట్టం మొదలవుతుంది. ఆ "బతికున్నన్నాళ్ళూ, అమ్మకూడదు" అనే షరతు మా ముత్తాత బుర్రలో పుట్టింది కాదు. వితంతువుకి ఆస్తి వస్తే అది పరిమితమైన హక్కే అన్నది ఆనాటి న్యాయం. దాని చరిత్రలో మన ప్రాంతానికి పెద్ద చోటుంది. 1861లో లండన్‌లో ప్రివీ కౌన్సిల్ ఒక తీర్పు చెప్పింది. మచిలీపట్నం కలెక్టరుకీ, కావలి వెంకట నారాయణప్ప అనే ఆయనకీ మధ్య కేసు. వితంతువుకి ఉన్న ఈ కట్టడి కేవలం తర్వాతి వారసుల కోసం పెట్టింది కాదు, అది ఆమె హక్కు స్వభావంలోనే ఉంది, వారసులెవరూ లేకపోయినా ఆమె ఇష్టమొచ్చినట్టు ఆస్తిని ఇతరులకి రాయలేదు అని ఆ తీర్పు సారాంశం. తర్వాత దేశమంతటా వితంతువుల కేసుల్లో దాన్ని ఉదహరిస్తూ వచ్చారు. కాలం కూడా గమనించండి. ఇక్కడ బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది 1855లో. కాలువలు పారి, నేల మాగాణి అయి, ఎకరానికి విలువ పెరిగింది ఆ తర్వాతే. భూమికి విలువ పెరుగుతున్న ఆ కాలంలోనే వితంతువు దాన్ని అనుభవించవచ్చు గాని తనదనకూడదు అన్న సూత్రం కోర్టుల్లో గట్టిపడింది.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం వచ్చింది. 14వ సెక్షను మొదటి భాగం, స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి ఇకమీదట ఆమె సంపూర్ణ ఆస్తే అంది. అదే సెక్షను రెండో భాగం, వీలునామాలోనో దానపత్రంలోనో షరతు పెట్టి ఇస్తే ఆ షరతు చెల్లుతుంది అంది. మరి మనోవర్తి కోసం షరతుతో ఇచ్చిన భూమి మొదటి భాగం కిందికి వస్తుందా, రెండో భాగం కిందికి వస్తుందా?

దీన్ని తేల్చింది కూడా మన తెలుగు స్త్రీయే. నెల్లూరు ప్రాంతం తులశమ్మ. భర్త 1931లో పోయాడు. భర్త సవతి సోదరుడి మీద 1944లో మనోవర్తి దావా వేసింది. 1949లో రాజీ కుదిరి, బతికున్నన్నాళ్ళూ అనుభవించమని కొంత ఆస్తి ఇచ్చారు. ఆమె 1960, 61లలో అందులో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మింది. నీకా హక్కు లేదని అతను కోర్టుకెక్కాడు. హైకోర్టు ఆమెకి వ్యతిరేకంగా చెప్పింది. ఆమె ఊరుకోలేదు. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. మనోవర్తి ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, భార్యకి ముందునుంచీ ఉన్న హక్కు. ఆ హక్కు కింద ఇచ్చిన ఆస్తి, కాగితంలో ఏ షరతు రాసినా, 1956 చట్టంతో ఆమె సొంతమైపోయింది అని.

ఇప్పుడు మా తాతమ్మ సంగతి చూడండి. ఆమెకి రెండెకరాలు ఇచ్చింది భర్త, అదీ మనోవర్తి నిమిత్తమని స్పష్టంగా రాసి. సాగు కొడుకుల చేతిలో ఉన్నా హక్కు ఆమెదే. స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి అంటే స్వయంగా దున్నుకుంటున్నదే కానక్కర్లేదని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. మన లాయరు మిత్రురాలు ఈ నాలుగు పేజీలూ చదివి ఇలా అంది. 1956 నుంచి ఆ రెండెకరాలు ఆమె సొంతం. 1963లో ఆమె వీలునామా రాయకుండా పోయింది. అప్పుడు ముగ్గురు కొడుకులకీ ఒక కూతురికీ సమానంగా రావాలి. అంటే మీ అమ్మమ్మకి అర ఎకరం.

నెలకొకరి ఇంట్లో వంతుల మీద, కొలిచి పోసిన బియ్యం తిని బతికిన మనిషి చివరి ఏడేళ్ళూ రెండెకరాల మాగాణికి పూర్తి యజమానురాలు. పుట్టింటి మీద పడి తింటోందనిపించుకున్న మా అమ్మమ్మ తెచ్చుకున్న ఆ బస్తా, తన అర ఎకరం పంటలో ఎన్నో వంతు? ఆ ఇంటికి ఎవరు బాకీ? ఎవరు ఎవరి తిండి తిన్నారు?

మీలో కొందరు అడగబోయేది నాకు తెలుసు. ఇప్పుడేం చేశారని. వరసకి తమ్ముడికి ఈ కాగితాలు పంపించాను. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫోను చేసి, "అక్కా, పొలం అడుగుతావా?" అన్నాడు. అమ్మని అడిగాను. "నాకు పొలం వద్దు. మా అమ్మ అడుక్కుని తెచ్చుకుందని ఇంకెవరూ అనకుండా ఉంటే చాలు" అంది.

ఆ మాట దగ్గర నాకూ అమ్మకీ ఇంకా తగాదా ఉంది. వద్దు అనడం మనకి చిన్నప్పటి నుంచీ నేర్పిన మాట. అమ్మమ్మ వద్దంది, అమ్మ వద్దంటోంది. వద్దన్నవాళ్ళు మంచి ఆడపిల్లలు, అడిగినవాళ్ళు పుట్టింటికి దూరమైనవాళ్ళు. మా లాయరు మిత్రురాలు కూడా కోర్టుకెళ్తే ఖాయంగా గెలుస్తామని చెప్పలేదు. అరవై ఏళ్ళు గడిచాయి, పొలంలో కొంత చేతులు మారింది. పైగా 14వ సెక్షను రెండు భాగాల మధ్య తీర్పులు ఒకదానితో ఒకటి పొసగడం లేదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే ఆ ప్రశ్నని విస్తృత ధర్మాసనానికి పంపించింది. తులశమ్మ గెలిచిన ప్రశ్న మళ్ళీ విచారణకి వచ్చిందన్నమాట. మనందరం దాన్ని గమనిస్తూ ఉండాలి. అది వేలమంది వితంతువుల భూముల ప్రశ్న. మా అమ్మ నిర్ణయం మా అమ్మది. కానీ తెలిసి వద్దనడం వేరు, తెలియనివ్వకుండా వద్దనిపించడం వేరు. అమ్మమ్మని ఎవరూ అడగనేలేదు. ఆమె వద్దనడానికి కూడా అవకాశం లేకుండా చేశారు.

ఇదంతా పాతకాలం సంగతి అనుకోకండి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వాటా ఉంది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించదన్నారు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. చట్టం ఇలా మెట్టుమెట్టుగా పైకి వస్తుంటే ఇళ్ళల్లో వీలునామాలు కూడా పెరుగుతున్నాయి. మన దగ్గరికి వచ్చే కేసుల్లో ఈమధ్య రాసినవి చదవండి. కుమార్తెకు పెండ్లి చేసి ఇవ్వదగినది ఇచ్చినందున అనే వాక్యం 1938లో ఎలా ఉందో అలాగే ఉంటుంది. అక్కడ కట్నం అనరు, ముచ్చట అంటారు, అంతే. అలాంటి కాగితం ఎదురైనప్పుడు భయపడి వెనక్కి రావద్దు. ఉమ్మడి ఆస్తి అయితే తండ్రి తన వాటాకి మాత్రమే వీలునామా రాయగలడు. కూతురికి పుట్టుకతో వచ్చిన వాటాని కొడుక్కి రాసే హక్కు ఆయనకి లేదు. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న, ఈ ఆస్తి ఎక్కడి నుంచి వచ్చింది? దానికి జవాబు మళ్ళీ ఆ పాత పుస్తకాల్లోనే దొరుకుతుంది. వంశ చరిత్ర వెతకడం, హక్కు వెతకడం రెండూ ఒకే పని అని నేను అంటున్నది అందుకే.

మీరు వెతకబోతే గుర్తుపెట్టుకోవలసినవి నాలుగు చెబుతాను.

ఒకటి, జిల్లాలు మారిపోయాయి. గుంటూరు 1904 దాకా కృష్ణా జిల్లాలో భాగం. ఏలూరు వైపు ఊళ్ళు 1925 దాకా కృష్ణాలో ఉన్నాయి. 2022లో విజయవాడ కేంద్రంగా ఎన్.టి.ఆర్. జిల్లా వేరుపడింది. మీ పెద్దవాళ్ళు కాగితం రాసిన సంవత్సరంలో ఆ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లాలో ఉండేదో ముందు తెలుసుకోండి.

రెండు, వీలునామాని రిజిస్టరు చేయించకుండా సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే పద్ధతి ఒకటుంది. రాసిన మనిషి పోయాక దరఖాస్తు పెడితే మన ఎదుటే తెరిచి 3వ నంబరు పుస్తకంలో ఎక్కిస్తారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో లేకపోతే అక్కడా అడగండి.

మూడు, వీలునామా రిజిస్టరు చేయించి తీరాలని చట్టంలో లేదు. కాబట్టి ఎక్కడా దొరకకపోయినా ఆగిపోకండి. తర్వాతి పంపకాల దస్తావేజులోనో అమ్మకం కాగితంలోనో దాని ప్రస్తావన ఉంటుంది, మా ఇంట్లో జరిగినట్టు. తగాదా జరిగి ఉంటే కోర్టు రికార్డులో ఉంటుంది. మన ప్రాంతం అప్పీళ్ళు 1954 దాకా మద్రాసు హైకోర్టుకే వెళ్ళేవి.

నాలుగు, ఆఫీసుకి ఒంటరిగా వెళ్ళకండి. ఇద్దరు వెళ్ళండి. సెక్షను నంబరు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. కసురుకుంటే కూర్చోండి, లేవకండి.

చివరిగా ఒక్క మాట. మా అమ్మ పొలం వద్దంది గాని, ఆ నాలుగు పేజీలు విన్న నెల తర్వాత తన వీలునామా తను రాయించింది. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. తనకున్న చిన్న ఇల్లు అన్నయ్యకీ నాకూ సమానమని రాయించింది. రాసేటాయన "మీ కుమార్తెకు" అని మొదలుపెట్టబోతే ఆపి, "పేరు రాయండి" అంది. తన పేరుకి ముందు తల్లి పేరు, ఆమె తల్లి పేరు కూడా రాయించింది. అలా రాయడం ఎక్కడా లేదమ్మా అన్నాడాయన. ఉంటే తప్పా అంది అమ్మ. తప్పు కాదు కాబట్టి రాశాడు.

తమ్ముడు వంశవృక్షం మళ్ళీ వేశాడు. ఈసారి నూట మూడు పేర్లున్నాయి. పాత తరాల్లో పన్నెండు గళ్ళు ఖాళీగా మిగిలాయి. వాటిని తీసేద్దామన్నాడు. వద్దన్నాను. అక్కడ ఒక స్త్రీ ఉండేది, పేరు తెలియదు అని రాయించాం. ఎప్పుడన్నా ఎవరి హద్దుల్లోనో దొరుకుతారేమో.

ఇవాళ ఇంటికి వెళ్ళాక మీ అమ్మని అడగండి, వాళ్ళ అమ్మమ్మ పేరేమిటని. తెలియదంటే ఏ ఊరో, ఏ పొలమో అడగండి. వచ్చే సమావేశంలో మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతాను. ఇన్ని చేతులు ఇంకా కిందే ఉండకూడదు.

సెలవు.